ఐదేళ్లు దాటాక వచ్చే అనుమానం: క్యాన్సర్ తిరగబెట్టిందా అన్నది ఎలా తేలుతుంది?

క్లుప్తంగా: రొమ్ము క్యాన్సర్‌లో ఎక్కువగా కనబడే హార్మోన్ రకం చికిత్స అయిన పదిహేను, ఇరవై ఏళ్లకు కూడా మళ్లీ బయటపడగలదు. అలాగని కొత్తగా వచ్చిన ప్రతి నొప్పీ, స్కాన్‌లో కనబడ్డ ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు. చాలాసార్లు ముక్క పరీక్షే (బయాప్సీ) దాన్ని తేల్చాలి. ఏ లక్షణమూ లేకుండా ఏటా స్కాన్లు తీయించుకుంటే ఆయుష్షు పెరుగుతుందన్నది కొన్ని క్యాన్సర్లలో పరీక్షించి చూసినా నిలబడలేదు. భయం ఎంత ఉందన్నదాన్ని బట్టి ముప్పు ఎంత ఉందో చెప్పలేం.

ఆపరేషన్ అయి ఏడేళ్లయింది. కీమో, రేడియేషన్ ఎప్పుడో ముగిశాయి, ఐదేళ్ల మాత్రల కోర్సూ పూర్తయింది. ఆస్పత్రి ఫైలు బీరువాలో చీరల అడుక్కి చేరింది. అప్పుడొక నడుంనొప్పి మొదలవుతుంది. బామ్ రాసినా, కాపడం పెట్టినా మూడు వారాలకీ తగ్గదు. ఇంట్లో ఎవరూ ఆ పేరు ఎత్తరు గానీ అందరి మనసులోనూ అదే తిరుగుతుంటుంది.

జవాబు రావడానికి ఒక్కోసారి నెల పడుతుంది. ఆ నెలలో స్కాన్లు, రక్త పరీక్షలు, ముక్క పరీక్ష, బంధువుల సలహాలు, రాత్రిళ్లు ఫోన్‌లో వెతుకులాట అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వీటిలో దేని మాట ఎంతవరకు నమ్మాలో తెలియకపోవడమే సగం గందరగోళం. దేశంలో ఆడవాళ్లకు ఎక్కువగా వచ్చేది రొమ్ము క్యాన్సరే. ఏళ్ల తర్వాత తిరగబెట్టే గుణమూ అందులో స్పష్టంగా కనబడుతుంది. అందుకే ఈ వివరణ ఎక్కువగా దాని చుట్టూనే నడుస్తుంది.

ఐదేళ్ల గీత ఎక్కడిది?

'ఐదేళ్లు దాటితే ఇక భయం లేదు' అన్న మాట ఆస్పత్రి వరండాల్లో తరచూ వినబడుతుంది. ఆ ఐదేళ్లు శరీరం పెట్టుకున్న గడువు కాదు. చికిత్సల ఫలితాలను పోల్చడానికి గణాంకాలు కట్టేవాళ్లు ఎంచుకున్న కొలత. కొన్ని క్యాన్సర్లకు అది బాగానే సరిపోయింది. పెద్దపేగు క్యాన్సర్ తిరగబెట్టేదైతే ఎక్కువగా మొదటి మూడేళ్లలో, అరుదైన కేసులు తప్ప ఐదేళ్లలోపే బయటపడుతుంది. రొమ్ము క్యాన్సర్‌లోనే, హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగెటివ్ అనే రకం మొదటి మూడు నాలుగేళ్లు గట్టిగా భయపెట్టి, ఆ తర్వాత బాగా వెనక్కి తగ్గుతుంది.

ఈస్ట్రోజెన్ హార్మోన్ అండతో పెరిగే, రిపోర్టులో ఈఆర్ పాజిటివ్ అని రాసే హార్మోన్ రకం తీరు వేరు. 2017లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసే పరిశోధకుల బృందం 88 ట్రయల్స్ నుంచి 62,923 మంది మహిళల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. అందరూ ఐదేళ్లు హార్మోన్ మాత్రలు వేసుకుని, అప్పటికి జబ్బు జాడ లేనివాళ్లే. ఆ తర్వాతి పదిహేనేళ్ల లెక్క ఇలా తేలింది. గడ్డ 2 సెంటీమీటర్ల లోపే ఉండి, చంకలోని గ్రంథులకు పాకనివాళ్లలో 13 శాతం మందికి దూరపు అవయవాల్లో జబ్బు కనబడింది. గడ్డ అంతే ఉన్నా నాలుగు నుంచి తొమ్మిది గ్రంథులకు పాకినవాళ్లలో అది 34 శాతం. ఈ అంకెల కన్నా వాటి నడక ఎక్కువ చెబుతుంది. ఐదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు దాకా గ్రాఫులో గీత ఎక్కడా చదును కాలేదు. ఏటా కొంచెం కొంచెంగా పైకే పోయింది.

ఇది చదివి బెంబేలెత్తనక్కర్లేదు. వాళ్లలో చాలామందికి చికిత్స జరిగింది దశాబ్దాల కిందట. ఈలోపు మందులు మెరుగయ్యాయి కాబట్టి ఈమధ్య చికిత్స పొందినవారి ముప్పు ఇంతకన్నా తక్కువే ఉండవచ్చని ఆ పరిశోధకులే అన్నారు. పైగా 13 శాతం అన్న అంకెకు రెండో వైపు 87 ఉంది.

విత్తనం ఎక్కడ దాక్కుంది?

'తిరగబెట్టడం' అన్నది మంచి తెలుగు మాటే. కానీ టైఫాయిడ్ రోజుల నుంచి దానికి ఒక నింద అంటుకుని ఉంది. పథ్యం తప్పితే జ్వరం తిరగబెడుతుంది. అదే అర్థం క్యాన్సర్‌కూ అతుక్కుని, 'ఏం తిన్నావు, అంత టెన్షన్ ఎందుకు పడ్డావు, వద్దంటే వినకుండా ఉద్యోగానికి ఎందుకు పోయావు' అని మొదలవుతుంది. అసలు జరిగేది వేరు. మొదటి గడ్డ ఉన్న రోజుల్లోనే, చాలావరకు ఆపరేషన్‌కు ముందే, కొన్ని కణాలు రక్తంలో కొట్టుకుపోయి ఎముక మజ్జలోనో మరోచోటో చేరి ఉంటాయి. అవి ఏళ్ల తరబడి కదలక మెదలక పడి ఉండి, ఎప్పుడో మేల్కొంటాయి. జబ్బు పోయి తిరిగి వచ్చింది అనడం కన్నా, దాక్కున్నది బయటికి వచ్చింది అనడం సరైనది.

కీమో వీటిని ఎందుకు వదిలేసింది? కీమో మందులు ముఖ్యంగా చకచకా రెండుగా చీలే కణాల మీద పనిచేస్తాయి. జుట్టు ఊడడం, నోరు పూయడం అందుకే. చీలడం ఆపేసి పడుకున్న కణం ఆ దెబ్బకు అందదు. స్కాన్‌కూ అందదు. పెట్ స్కాన్‌లో చిన్న చుక్కగా కనబడాలన్నా కోట్ల కణాలు ఒకేచోట పోగుపడాలి. కాబట్టి 'అప్పుడే స్కాన్ సరిగ్గా చూసి ఉంటే' అన్న బాధకు చాలాసార్లు ఆధారం లేదు.

స్టీఫెన్ పేజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ 1889లోనే దీన్ని గమనించాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది పోస్టుమార్టం వివరాలు చూసి, జబ్బు ఎక్కడపడితే అక్కడ పాకదని, విత్తనాలు అన్ని దిక్కులకూ పోయినా తగిన నేల మీదే మొలుస్తాయని రాశాడు. మెట్ట రైతుకు ఈ పోలిక విడమరచి చెప్పక్కర్లేదు. వాన పడేదాకా గింజ మట్టిలో అలాగే ఉంటుంది. ఆ వాన ఏమిటన్నదాని మీద పరిశోధన ఇప్పటికీ నడుస్తోంది. రోగనిరోధక శక్తి పట్టు సడలడం, చుట్టూ కొత్త రక్తనాళాలు ఏర్పడడం, పక్కనున్న కణజాలం మారడం వంటివి అందులో ఉన్నాయి. ఫలానా రోజు తిన్న ఫలానా కూర మాత్రం లేదు.

హార్మోన్ మాత్రలు చేసే పని ఈ గింజలకు నీరు అందకుండా చూడడం. అందుకే కొందరికి ఐదేళ్లతో ఆపకుండా పొడిగిస్తారు. అట్లాస్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు 2012 చివర్లో వచ్చాయి. టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్రను ఐదేళ్లకు ఆపేసినవాళ్లలో, ఆ తర్వాతి పదేళ్లలో 25.1 శాతం మందికి జబ్బు తిరిగి కనబడితే, పదేళ్లు వాడినవాళ్లలో 21.4 శాతం మందికి కనబడింది. తేడా చిన్నదే, కానీ నిజమైనది. బదులుగా గర్భాశయ క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులు కొంచెం పెరుగుతాయి. ఎవరికి పొడిగించాలన్నది అందుకే మనిషిని బట్టి ఉంటుంది.

నొప్పి దేనిది?

రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా పాకేది ఎముకలకు. ఆపైన కాలేయం, ఊపిరితిత్తులు, కొందరిలో మెదడు. అందుకే నడుంనొప్పి అంత భయపెడుతుంది. ఇక్కడొక చిక్కుంది. లెట్రజోల్, అనస్ట్రజోల్ వంటి హార్మోన్ మాత్రలు వాడేవారిలో దాదాపు సగం మందికి ఆ మాత్రల వల్లే కీళ్లనొప్పులు వస్తాయి. అవే మాత్రలు ఎముకలను పలచబరుస్తాయి, పలచబడ్డ వెన్నుపూస అణిగినా నొప్పే. ఆపరేషన్ అయిన వైపు భుజం పట్టేయడం, రేడియేషన్ తగిలిన పక్కటెముక సలపడం కూడా ఏళ్లకేళ్లు ఉండొచ్చు. వీటిలో ఏదీ తిరగబెట్టడం కాదు. అయినా రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు అన్నీ ఒకలాగే అనిపిస్తాయి.

డాక్టర్లు నొప్పి ఎంత ఉందని కన్నా దాని నడవడి ఎలా ఉందని అడుగుతారు. పనిచేస్తే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి సాధారణంగా కండరాలది. పడుకున్నా తగ్గనిది, రాత్రిళ్లు లేపేది, వారం వారం పెరుగుతూ పోయేది చూపించుకోవాల్సినది. రెండు మూడు వారాలు దాటిన దగ్గు, ఆయాసం, కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడడం, ఆపరేషన్ మచ్చ మీదో చంకలోనో మెడ దగ్గరో కొత్త గడ్డ కూడా అంతే. ఒక్కటి మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు: వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పడం, మొద్దుబారడం, మూత్రం మీద అదుపు పోవడం. వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన అది. అదే రోజు ఆస్పత్రికి చేరితే నడక నిలబడే అవకాశం ఎక్కువ.

స్కాన్‌లో వెలిగిన చుక్క

పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కించి, దాన్ని ఎక్కడి కణాలు ఎక్కువగా పీల్చుకుంటున్నాయో చూస్తారు. క్యాన్సర్ కణాలకు ఆ ఆకలి ఎక్కువ. కానీ వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటి కణాలకూ అదే ఆకలి. మన దేశంలో దీనివల్ల వచ్చే తికమక పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువ. ప్రపంచంలోని క్షయ కేసుల్లో సుమారు నాలుగో వంతు ఇక్కడివే. ఛాతీలోని గ్రంథుల్లో, ఊపిరితిత్తుల పైభాగంలో, ఆఖరికి వెన్నుపూసలో కూడా టీబీ అచ్చం పాకిన క్యాన్సర్‌లా వెలుగుతుంది. 2021లో కోవిడ్ టీకా వేసిన చేయివైపు చంక గ్రంథులు ఉబ్బి, ఎన్నో దేశాల్లో రేడియాలజిస్టులను తికమకపెట్టాయి.

ఇంకో అవకాశం, అది పాత క్యాన్సర్ కాకుండా సంబంధం లేని కొత్త క్యాన్సర్ కావడం. తిరగబెట్టిన క్యాన్సర్, టీబీ, కొత్త క్యాన్సర్ మూడూ ఫిల్మ్ మీద ఒకేలా ఉండొచ్చు, మూడింటికీ మందులు వేరు. ఆరు నెలలు టీబీ మందులు వాడాల్సిన మనిషికి కీమో ఇస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. అందుకే వీలైన చోటల్లా ముక్క తీసి చూడాలంటారు.

'సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది' అన్న భయం పల్లెల్లోనే కాదు, చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. రొమ్ము, గ్రంథులు, ఎముకల దగ్గర నిపుణులు చేసే సూది పరీక్షతో జబ్బు పాకి ఆయుష్షు తగ్గుతుందనడానికి ఆధారం లేదు. మానేస్తే జరిగే నష్టం మాత్రం కచ్చితం. ఏళ్ల తర్వాత బయటపడ్డ కణాలు పాత కణాల్లాగే ఉంటాయన్న హామీ లేదు. పాత ముక్కనూ కొత్త ముక్కనూ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, హార్మోన్‌ను పట్టుకునే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ నూటికి సుమారు 20 మందిలో, కణం పెరుగుదలను తొందరపెట్టే హెర్2 అనే రిసెప్టర్ సుమారు 8 మందిలో మారిపోయింది. అది మారితే మందే మారుతుంది.

ఈ పరీక్షలన్నిటికీ టైమ్ పడుతుంది. ముక్క తీశాక మామూలు రిపోర్టుకు కొన్ని రోజులు, రిసెప్టర్ల రంగు పరీక్షకు మరికొన్ని. ఎముక ముక్క అయితే ముందు దాన్ని మెత్తబరచాలి కాబట్టి ఇంకా ఆలస్యం. శ్రీకాకుళం నుంచి విశాఖకో, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కో వచ్చిపోయేవారికి ఈ రోజులు రెట్టింపు పొడవు. ఒక ఊరట ఉంది. ఏళ్ల తర్వాత కనబడే హార్మోన్ రకం సాధారణంగా నెమ్మదిగా పెరిగేదే. పైన చెప్పిన అత్యవసర లక్షణాలు లేకపోతే, రెండు మూడు వారాలు ఆగి సరైన రిపోర్టు తెచ్చుకోవడం వల్ల నష్టం జరగదు.

ముందే తెలిస్తే మంచిదేగా?

ఈ ప్రశ్న వేయనివారు ఉండరు. ఏటా ఒక పెట్ స్కాన్, రక్తంలో క్యాన్సర్ గుర్తులను వెతికే మార్కర్ పరీక్ష చేయిస్తే మొగ్గలోనే తుంచేయొచ్చు కదా అని. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. దీన్ని ఇటలీలో రెండు ట్రయల్స్‌లో పరీక్షించి చూశారు, ఫలితాలు 1994లో వచ్చాయి. ఒకదాంట్లో 1,320 మంది, ఇంకోదాంట్లో 1,243 మంది మహిళలు. సగం మందికి క్రమం తప్పకుండా ఎముకల స్కాన్, ఛాతీ ఎక్స్‌రే వంటివి. మిగతా సగానికి డాక్టరు చేత్తో చూడడం, మామోగ్రామ్ మాత్రమే. ఎక్కువ పరీక్షలు చేసినవాళ్లు ఎక్కువ కాలం బతకలేదు.

అండాశయ క్యాన్సర్‌లో ఇదింకా సూటిగా తేలింది. 2010లో వెలువడిన ఒక ట్రయల్‌లో సీఏ-125 అనే రక్త మార్కర్ పెరగగానే కీమో మొదలుపెట్టినవాళ్లు మధ్యస్థంగా 25.7 నెలలు బతికారు. లక్షణాలు వచ్చేదాకా ఆగినవాళ్లు 27.1 నెలలు. అంటే తేడా లేదు. ముందుగా మొదలుపెట్టినవాళ్లకు దక్కింది కీమో ఇబ్బందులు కొన్ని నెలలు ముందుగా రావడం.

రైలు పోలిక ఇక్కడ పనికొస్తుంది. విజయవాడ నుంచి వచ్చే బండి లేటన్న సంగతి ఖమ్మంలో తెలిసినా, కాజీపేటలో తెలిసినా అది సికింద్రాబాద్ చేరే టైమ్ మారదు. తెలిసి కూర్చునే గంటలే పెరుగుతాయి. జబ్బు పాకాక ఇచ్చే చికిత్స దాన్ని అదుపులో పెట్టేదే తప్ప వేళ్లతో పీకేది కానప్పుడు, ముందుగా తెలుసుకోవడం చాలాసార్లు ఇలాగే మిగులుతుంది.

కానీ బండి మార్చుకునే వీలున్న స్టేషన్ ఒకటి ఉంటే కథ వేరు. పెద్దపేగు క్యాన్సర్‌లో కాలేయం మీద ఒకటి రెండు మచ్చలే ఉండగా పట్టుకుంటే కోసి తీసేయొచ్చు, కొందరికి పూర్తిగా నయమవుతుంది. అందుకే అక్కడ సీఈఏ అనే మార్కర్ రక్త పరీక్ష, సీటీ స్కాన్ క్రమం తప్పకుండా చేయిస్తారు. రొమ్ము క్యాన్సర్‌లో కూడా అదే రొమ్ములో తిరిగి వచ్చిన చిన్న గడ్డ, రెండో రొమ్ములో వచ్చిన కొత్త గడ్డ నయం చేయదగ్గవే. కాబట్టే ఏటా మామోగ్రామ్ తప్పదు. మగవాళ్లకు వచ్చే ప్రొస్టేట్ క్యాన్సర్‌లో ఇంకో రకం. పీఎస్ఏ అనే రక్త మార్కర్ చాలా ముందుగా లేస్తుంది. ఆపరేషన్ చేయించుకున్న 1,997 మంది మగవాళ్లను గమనించిన 1999 నాటి అమెరికా అధ్యయనంలో, పీఎస్ఏ పెరగడం మొదలయ్యాక ఎముకల్లో జబ్బు కనబడేందుకు మధ్యస్థంగా 8 ఏళ్లు పట్టింది. అక్కడ అంకె పెరగగానే హడావుడి పడడం కన్నా ఎంత వేగంగా పెరుగుతోందో చూడడం ముఖ్యం.

ఇటలీ ట్రయల్స్ పాత యంత్రాలతో, పాత మందులతో చేసినవి అన్న అభ్యంతరం న్యాయమైనదే. రక్తంలో తేలే కణితి డీఎన్ఏని వెతికే పరీక్షలు స్కాన్ కన్నా నెలల ముందే జాడ పడుతున్నాయి. ఆ జాడ పట్టుకుని చికిత్స మార్చితే రొమ్ము క్యాన్సర్‌లో ఆయుష్షు పెరుగుతుందా అన్నది ఇప్పుడు ట్రయల్స్‌లో ఉంది. ల్యాబ్‌లు ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో మార్కర్లను కలిపి అమ్మడం మాత్రం ఆ సమాధానం కోసం ఆగినట్టు లేదు.

తథాస్తు దేవతలు

2022లో వచ్చిన ఒక విశ్లేషణ 13 దేశాల నుంచి క్యాన్సర్ వచ్చిన 9,000 మందికి పైగా మనుషుల సమాధానాలను కలిపి చూసింది. సుమారు 59 శాతం మందిలో తిరగబెడుతుందన్న భయం గమనించదగ్గ స్థాయిలో ఉంది, సుమారు 19 శాతం మందిలో తీవ్రంగా ఉంది. ఇలాంటి అధ్యయనాల్లో పదే పదే కనబడేది ఇంకోటి ఉంది. జబ్బు స్టేజీకీ భయానికీ గట్టి లంకె లేదు. మొదటి స్టేజీలోనే పూర్తిగా తీసేసిన మనిషి నిద్ర లేకుండా ఉండొచ్చు, మూడో స్టేజీ దాటిన మనిషి మనవళ్లతో హాయిగా ఉండొచ్చు. వయసు తక్కువైన కొద్దీ భయం ఎక్కువన్నది మాత్రం స్థిరంగా కనబడింది. భారత్‌లో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కన్నా సగటున పదేళ్లు ముందే వస్తుంది కాబట్టి ఇది పట్టించుకోవాల్సిన సంగతి.

భయం తనను తాను పోషించుకునే తీరు ఇలా ఉంటుంది. చిన్న నొప్పి రాగానే మనసు దాని మీదికే పోతుంది, పోయిన కొద్దీ నొప్పి పెద్దదిగా తోస్తుంది. టెస్టు చేయిస్తారు. నార్మల్ అని రాగానే పెద్ద ఊరట. ఆ ఊరట రెండు వారాలు నిలుస్తుంది. ఈసారి ఇంకో చోట నొప్పి, ఇంకో టెస్టు. ఊరటకు టెస్టే దారి అని మెదడు నేర్చుకుంటుంది, అనిశ్చితిని ఓర్చుకునే శక్తి ఒక్కో మెట్టు దిగుతుంది. దీనికి సరిగ్గా తిరగేసిన రూపం కూడా ఉంది. భయంతో ఫాలోఅప్‌కే పోకపోవడం, గడ్డ చేతికి తగిలినా చెప్పకపోవడం. వైద్యంగా చూస్తే రెండోదే ప్రమాదకరం.

తెలుగిళ్లలో దీనికి ఇంకో పొర ఉంది. చెడుమాట పలికితే పైన తథాస్తు దేవతలు అంటారని భయం. 'అలాంటి మాటలు మాట్లాడకు, నీకేం కాదు' అనడంలో ప్రేమే ఉంటుంది. అవతలి మనిషికి మాత్రం మాట్లాడే దారి మూసుకుపోతుంది. ఆస్పత్రిలోనూ కొడుకో అల్లుడో ముందుగా లోపలికి వెళ్లి, 'అమ్మకు చెప్పకండి సార్' అని వస్తారు. అమ్మకు తెలియకుండా ఉండడం అరుదు. అదే ఆస్పత్రి, అదే క్యూ, పక్కన కూర్చున్నవాళ్ల తలలకు స్కార్ఫులు. ఆమెకు తెలుసన్నది వీళ్లకు తెలియనట్టు, వీళ్లు దాస్తున్నది ఆమెకు తెలియనట్టు నడుస్తుంది.

ఈ భయానికి మందు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో 222 మందితో చేసి 2017లో ప్రచురించిన ఒక ట్రయల్‌లో, శిక్షణ పొందిన నిపుణులతో ఐదు సిట్టింగుల మాటల చికిత్స, కేవలం ఒళ్లు వదులు చేసే వ్యాయామాల కన్నా ఎక్కువగా భయాన్ని తగ్గించింది. 'భయపడకు' అని అందులో ఎవరూ చెప్పరు. మనసు నొప్పి మీదికి పోయినప్పుడు దాన్ని కావాలని మరో చోటికి మళ్లించడం, ఏ లక్షణానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలో, దేనికి ఆగాలో ముందే రాసుకోవడం, వాయిదా పడ్డ పనులను తిరిగి మొదలుపెట్టడం నేర్పుతారు. ఇలాంటి నిపుణులు మన దగ్గర పెద్ద ఊళ్ల పెద్ద ఆస్పత్రుల్లోనే కొద్దిమంది ఉన్నారు. కానీ ఆ రాసుకునే పని, మామూలు ఫాలోఅప్‌లో 'దేనికి ఫోన్ చేయాలి, దేనికి అక్కర్లేదు' అని డాక్టర్ని అడిగి కూడా చేయొచ్చు.

నిజంగా అదేనని తేలితే

అదే రొమ్ములోనో, దగ్గరి గ్రంథుల్లోనో మాత్రమే ఉంటే మళ్లీ నయం చేసే ఉద్దేశంతోనే ఆపరేషన్, రేడియేషన్, మందులు ఉంటాయి. ఎముకలకో కాలేయానికో పాకి ఉంటే లక్ష్యం అదుపు. ఆ అదుపు కాలం గత పదేళ్లలో పొడవైంది. హార్మోన్ రకంలో చాలామందికి మొదటే కీమో పెట్టక్కర్లేదు. హార్మోన్ మందుతో కలిపి పాల్బోసిక్లిబ్ తరహా మాత్రలు ఇస్తారు. అమెరికాలో 2015లో అనుమతి వచ్చినప్పుడు ఇది మన మధ్యతరగతికి అందని ధర. 2023లో ఇక్కడ పేటెంటు గడువు తీరి జనరిక్‌లు రావడంతో ధర బాగా దిగింది.

ఈ నిర్ణయాలన్నిటికీ డాక్టరు మొదట అడిగేది కొత్త స్కాన్‌ను కాదు, పాత ఫైలును. అప్పుడు గడ్డ ఎంత, ఎన్ని గ్రంథులు, రిసెప్టర్లేమిటి, ఏ కీమో ఎన్ని డోసులు, గుండె మీద ప్రభావం ఉన్న మందు ఎంత ఎక్కింది అన్నవన్నీ అందులోనే ఉంటాయి. కొన్ని మందులకు జీవితకాల పరిమితి ఉంటుంది కాబట్టి ఆ లెక్క లేకుండా మళ్లీ ఇవ్వడం కష్టం. అప్పటి గడ్డ ముక్కను మైనంలో దాచిన బ్లాక్ దొరికితే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. ల్యాబ్‌లు వాటిని కొన్నేళ్లే ఉంచుతాయి. ఏళ్ల కిందటి బ్లాక్‌ను వెతికించాలంటే చీరల కింది ఆ ఫైల్లోని హిస్టోపాథాలజీ (ముక్క పరీక్ష) రిపోర్టు మీదున్న నంబరు కావాలి.